స్ట్రిప్ పరీక్షలో నైట్రైట్ నెగెటివ్ వస్తే యూరిన్ ఇన్ఫెక్షన్ లేనట్లేనా?

ప్రశ్న (అరండల్‌పేట, గుంటూరు):
మా అమ్మగారికి 54 ఏళ్లు, మధుమేహం ఉంది. మూడు రోజులుగా మూత్రంలో మంటతో గంటకోసారి లేచి వెళ్తున్నారు. ల్యాబులో స్ట్రిప్ పరీక్ష (మూత్రంలో ముంచితే రంగు మారే పట్టీతో చేసేది) చేస్తే ల్యూకోసైట్లు (తెల్ల రక్తకణాలు) రెండు ప్లస్సులు, నైట్రైట్ నెగెటివ్ వచ్చాయి. నైట్రైట్ లేదు కనుక ఇన్ఫెక్షన్ కాదని అక్కడివారు అన్నారు, కానీ ఆమె పడుతున్న బాధ చూస్తే నాకు నమ్మబుద్ధి కావడం లేదు. తెలిసినవారు దయచేసి చెప్పగలరు.

జవాబు 1 (ల్యాబ్ టెక్నీషియన్, విజయవాడ):
మీ అనుమానం సరైనదేనండి. ఆహారం ద్వారా మూత్రంలో చేరే నైట్రేట్‌ను ఈ-కొలై వంటి బ్యాక్టీరియా నైట్రైట్‌గా మార్చాలంటే మూత్రం దాదాపు నాలుగు గంటలు లోపల నిలవాలి. గంటకోసారి వెళ్లేవారిలో ఆ వ్యవధే ఉండదు. పైగా ఎంటరోకాకస్ వంటి బ్యాక్టీరియా ఆ మార్పు అసలే చేయవు. అందుకే నైట్రైట్ పాజిటివ్ వస్తే చాలావరకు నమ్ముతాం, నెగెటివ్ వచ్చినంత మాత్రాన ఇన్ఫెక్షన్ లేదని చెప్పం. మూత పెట్టకుండా వదిలేసిన డబ్బాలోని స్ట్రిప్పులైతే పాజిటివ్‌ను కూడా నమ్మలేం.

జవాబు 2 (వైద్యురాలు, గుంటూరు):
మంట, మాటిమాటికీ వెళ్లడం, ల్యూకోసైట్లు మూడూ కలిసి ఉన్నప్పుడు ఇన్ఫెక్షన్ ఉందనే అనుకోవాలి. మధుమేహం ఉంది కనుక యాంటీబయాటిక్ మొదలుపెట్టకముందే మూత్రాన్ని కల్చర్‌కు (అందులోని బ్యాక్టీరియాను ల్యాబులో పెంచి చూసే పరీక్షకు) ఇవ్వండి. ఏ మందు పనిచేస్తుందో అదే చెబుతుంది, ఫలితానికి ఒకటి రెండు రోజులు పడుతుంది. మొదటి ధార వదిలి మధ్య ధారను పట్టి, రెండు గంటల లోపు ల్యాబుకు చేర్చండి, కుదరకపోతే ఫ్రిజ్‌లో ఉంచండి. మన ఎండలకు బయట ఉంచిన నమూనాలో బ్యాక్టీరియా త్వరగా పెరిగి ఫలితం తప్పుతుంది. చలిజ్వరం, నడుము పక్కన నొప్పి, వాంతులు ఉంటే మాత్రం ఫలితం కోసం ఆగకుండా ఆ రోజే ఆసుపత్రికి వెళ్లండి.

జవాబు 3 (బెంజి సర్కిల్, విజయవాడ):
మా ఇంట్లో ఇందుకు విరుద్ధంగా జరిగింది. 79 ఏళ్ల మా నాన్నగారికి ఏ బాధా లేకపోయినా, స్ట్రిప్ పాజిటివ్ వచ్చిందని వారం రోజులు యాంటీబయాటిక్ వాడించారు. ఆ వయసులో ఇన్ఫెక్షన్ లేకుండానే మూత్రంలో బ్యాక్టీరియా ఉండవచ్చని, లక్షణాలు లేనప్పుడు సాధారణంగా మందు అవసరం లేదని మరో వైద్యులు తర్వాత చెప్పారు.

ప్రశ్న అడిగినవారు:
అందరికీ కృతజ్ఞతలు. అమ్మ రోజూ విటమిన్ సి మాత్ర వేసుకుంటారు. దాని ప్రభావం ఉంటుందా?

జవాబు 1:
ఉంటుందండి, ఎక్కువ మోతాదైతే నైట్రైట్‌ను, ల్యూకోసైట్లను కూడా తక్కువగా చూపవచ్చు. కల్చర్‌లో ఆ రంగు మార్పుతో పని లేదు కనుక రేపు ఉదయమే నమూనా ఇవ్వండి.