గోల్ఫ్ హ్యాండిక్యాప్ లెక్క: నాకు 27 వస్తోంది, యాప్ 20 అంటోంది. తప్పు ఎవరిది?

బంకర్ బాధితుడు: నా హ్యాండిక్యాప్ (ఆట స్థాయిని బట్టి స్కోరులోంచి తగ్గించే దెబ్బల లెక్క) తేల్చుకుందామని మూడు గంటలుగా కాగితం, కాలిక్యులేటర్ ముందేసుకుని కూర్చున్నా. బుర్ర వేడెక్కిపోయింది. ఐదు రౌండ్లు ఆడాను: 98, 102, 95, 104, 99. సగటు 99.6. పార్, అంటే కోర్సుకి నిర్ణయించిన దెబ్బలు, 72 తీసేస్తే 27.6. అంతే కదా? యాప్ 20.3 అంటోంది. పోనీ అదైనా మాట మీద నిలబడిందా అంటే, మూడో రౌండ్ తర్వాత 18.3 చూపించింది. ఆడేకొద్దీ పెరగడమేంటండీ?

ముక్కుసూటి: కోర్స్ రేటింగ్, స్లోప్ ఎంత?

పాతకాపు: అమెరికా పాత పద్ధతిలో చివరి 20 రౌండ్లలో మంచివి పది తీసి, సగటును 0.96తో గుణించేవాళ్లు. 2020లో అన్ని దేశాలకీ ఒకే పద్ధతి తెచ్చి పదిని ఎనిమిది చేశారు, 0.96 ఎగిరిపోయింది. అయినా అసలు రోగం లెక్కలో లేదు. మామూలు రోజుల్లో కావాలని చెత్తగా ఆడి, హ్యాండిక్యాప్ పెంచుకుని, పోటీ రోజున కప్పు ఎగరేసుకుపోయేవాళ్లతోనే వచ్చింది చిక్కంతా.

బంకర్ బాధితుడు: సరేనండీ, నా సంగతి? కార్డు మూల చిన్న అక్షరాల్లో రేటింగ్ 70.4, స్లోప్ 126 అని ఉంది. వాటితో నాకేం పని అనుకున్నా.

త్రీపట్ వీరుడు: పనంతా వాటితోనే. స్కోరులోంచి తీయాల్సింది పార్ కాదు, రేటింగ్, అంటే ఆరితేరినవాడికి ఆ కోర్సులో రావాల్సిన స్కోరు. మిగిలినదాన్ని 113తో (ప్రామాణిక స్లోప్ అది) గుణించి, మీ కోర్సు స్లోప్‌తో, అంటే మామూలు ఆటగాడికి అది ఎంత కష్టమో చెప్పే అంకెతో, భాగించాలి. మీ 95కి 24.6 × 113 ÷ 126 = 22.1. దాన్నే డిఫరెన్షియల్ అంటారు. ఐదే రౌండ్లున్నప్పుడు సగటు ఉండదు, అన్నిటికన్నా తక్కువది ఒక్కటే తీసుకుంటారు. మూడే ఉంటే అందులోంచి ఇంకో 2 తగ్గిస్తారు, నాలుగుంటే 1, ఐదుంటే ఏమీ తగ్గించరు. అందుకే పెరిగింది, మీ ఆట చెడిపోయి కాదు. కానీ 22.1 రావాలి కదా... ఆ 95లో ఏ హోల్ దగ్గరైనా కొంప మునిగిందా?

బంకర్ బాధితుడు: ఒక పార్ 4 హోల్‌లో 11 కొట్టా. ఇసుకలోంచి బయటపడేసరికే నాలుగు దెబ్బలు. అది కూడా చెప్పాలా?

ముక్కుసూటి: అదే చెప్పాలి. ఇండెక్స్ (యాప్ చూపించే ఆ అంకె) రాకముందు ఏ హోల్‌కైనా పార్ + 5 వరకే లెక్క. 11 కాదు, 9. 95 కాదు, 93. అప్పుడు 20.3.

పాతకాపు: ఇండెక్స్ వచ్చాక ఆ హద్దు నెట్ డబుల్ బోగీ, అంటే పార్ + 2 + ఆ హోల్‌లో మీకు తగ్గించే దెబ్బలు. ఇంకోటి, 20.3 అనేది ఇండెక్స్. దాన్ని హ్యాండిక్యాప్ అనకండి.

త్రీపట్ వీరుడు: అందరూ అలాగే అంటారు సార్.

పాతకాపు: అందుకే అందరూ తికమకపడతారు. 20.3 × 126 ÷ 113, అందులోంచి పార్‌కీ రేటింగ్‌కీ తేడా 1.6 తీస్తే 21. ఈ రేటింగ్, స్లోప్ ఉన్న టీ (మొదటి దెబ్బ కొట్టే చోటు) నుంచి ఆడితే మీకొచ్చే స్ట్రోకులు, అంటే స్కోరులోంచి తగ్గించే దెబ్బలు, అవి. కోర్స్ హ్యాండిక్యాప్ అంటే అదీ.

బంకర్ బాధితుడు: ఓహో, పక్కన 21 అని కనిపించేది ఇదా! థాంక్సండీ. పొద్దున్నే ఆట ఉంది, పడుకుంటా.

త్రీపట్ వీరుడు: అవునూ, ఐదు రౌండ్లూ ఒకే టీ నుంచి ఆడారా?