ప్లేస్కూల్ ఆర్ట్ షోకి పిల్లల బొమ్మలు ఎలా వేలాడదీయాలి?
అందరికీ నమస్కారం, మా ప్లేస్కూల్లో నవంబర్ 14 బాలల దినోత్సవానికి పిల్లల బొమ్మలతో చిన్న ఆర్ట్ షో పెడుతున్నాం, అందరూ మూడు నాలుగేళ్ల వాళ్లే. బెండకాయ అచ్చులు, చేతి ముద్రలు, బంకమట్టి బొమ్మలు ఉన్నాయి (ఒకడైతే ఏనుగని చెప్పి నల్లటి సున్నా ఒకటే చుట్టాడు, నాకదే తెగ నచ్చింది). గోడలకేమో సున్నం, టేపు వేస్తే పెచ్చులతో సహా ఊడొస్తోంది, మేకులు కొట్టొద్దని ఓనరు గారు. పురికొస కట్టి బట్టల క్లిప్పులు పెడదామంటే పోస్టర్ కలర్ మందంగా పూసిన చార్టులు వంకర్లు పోతున్నాయి, వాటిని సాపుగా ఎలా నిలబెట్టాలి? మట్టి బొమ్మలు బీటలు వారకుండా ఫెవికాల్ నీళ్లలో కలిపి పూస్తే ఆగుతాయా? ఇంకోటండీ, కొందరు పేరెంట్స్ టీచర్లనే కాస్త దిద్ది పెట్టమంటున్నారు, నాకస్సలు ఇష్టం లేదు, నొప్పించకుండా ఎలా చెప్పాలి? ఇలాంటివి చేసినవాళ్లుంటే చెప్పండి ప్లీజ్.