కల్చరల్ ల్యాండ్‌స్కేప్ చదువుకి జర్మనీ: ఏ కోర్సు, పోర్ట్‌ఫోలియోలో ఏం పెట్టాలి?

హన్మకొండ విద్యార్థిని

అందరికీ నమస్తే. బీ.ఆర్క్ చివరి ఏడాదిలో ఉన్నాను. మా అమ్మమ్మ వాళ్లది పాలంపేట దగ్గర, రామప్ప చెరువు కింద పొలం. 2021లో రామప్ప గుడికి యునెస్కో గుర్తింపు వచ్చాక మా బ్యాచ్ అంతా వెళ్లి గుడి కొలతలు తీశాం. అందరూ స్తంభాలు గీస్తుంటే నా మనసంతా చెరువు మీదే ఉంది. గుడీ, చెరువూ, కాలువలూ, పొలాలూ, ఊరూ అన్నీ కలిపి చదవాలనుంది, కల్చరల్ ల్యాండ్‌స్కేప్ అంటారే, అది.

ఇంగ్లిష్‌లో చెప్పే కోర్సులు వెతికితే జర్మనీలో రెండు కనిపించాయి. ఒకటి కాట్‌బుస్‌లో బీటీయూ యూనివర్సిటీ వాళ్ల వరల్డ్ హెరిటేజ్ స్టడీస్, ఇంకోటి న్యూర్టింగెన్, వైహెన్‌స్టెఫాన్ కాలేజీలు కలిసి నడిపే ఐఎంఎల్ఏ (ల్యాండ్‌స్కేప్ ఆర్కిటెక్చర్ మాస్టర్స్). రెండింటికీ తేడా ఏంటి? నా పోర్ట్‌ఫోలియోలో (దరఖాస్తుతో పంపే డ్రాయింగుల ఫైల్లో) ఉన్నవి ఒక మాల్, ఒక ఆసుపత్రి, ఒక హౌసింగ్. వీటితో పంపితే నవ్వుతారా? నాన్న అడిగేది ఒకటే, ఎంతవుతుంది, తర్వాత ఏం ఉద్యోగం అని. తెలిసినవాళ్లు చెప్పండి ప్లీజ్.

కాట్‌బుస్ పూర్వ విద్యార్థి

చెల్లీ, కోర్సుల పేర్లు కాసేపు పక్కన పెట్టు. రేపు ఉద్యోగంలో పొద్దంతా నీ బల్ల మీద డ్రాయింగ్ ఉండాలా, ఫైలు ఉండాలా? అది తేలితే కోర్సు దానంతటదే తేలుతుంది.

కాట్‌బుస్ కోర్సు 1999 నుంచి నడుస్తోంది. ఎంఏ డిగ్రీ, నాలుగు సెమిస్టర్లు. ఆర్కిటెక్టులతో పాటు చరిత్ర, లా, టూరిజం, పురావస్తు శాస్త్రం చదివినవాళ్లు నీ పక్కన కూర్చుంటారు. యునెస్కో ఒప్పందాలు, మేనేజ్‌మెంట్ ప్లాన్లు, స్థానిక జనంతో పనిచేసే తీరు, ఇవీ అక్కడి చదువు. నువ్వు గీసేది తక్కువ, రాసేది ఎక్కువ. ఐఎంఎల్ఏ అలా కాదు, అది పూర్తిగా ల్యాండ్‌స్కేప్ డిజైన్, ప్లానింగ్ చదువు. కాకపోతే అక్కడ ల్యాండ్‌స్కేప్ ఆర్కిటెక్చర్ గానీ దానికి దగ్గరి డిగ్రీ గానీ ఉండాలంటారు. ఉత్త బీ.ఆర్క్ సరిపోతుందో లేదో దరఖాస్తు ఫీజు కట్టకముందే మెయిల్ రాసి జవాబు తెప్పించుకో.

ఇటలీ కూడా చూడు. ఫ్లోరెన్స్ యూనివర్సిటీలో వ్యవసాయ వారసత్వ వ్యవస్థల మీదే ఒక మాస్టర్ కోర్సు ఉంది. చెరువు, ఆయకట్టు మీద ఇంత ఇష్టం ఉన్న అమ్మాయికి అది సరిగ్గా సరిపోవచ్చు. మిలాన్ పాలిటెక్నిక్‌లో ల్యాండ్‌స్కేప్, వారసత్వం కలిపి చెప్పే డిజైన్ కోర్సు ఉంది.

ఇక కాట్‌బుస్ ఊరి గురించి. అక్కడ క్లాసులో నేర్చుకున్నంతా ఊరి చుట్టూ తిరిగి కూడా నేర్చుకోవచ్చు. ప్యూక్లర్ అనే దొర 1815లో నైసె నది ఒడ్డున మూస్కావులో పెద్ద పార్కు మొదలుపెట్టాడు. అప్పులు మీద పడి 1845లో దాన్ని అమ్ముకుని, కాట్‌బుస్ పక్కన బ్రానిట్స్‌కి వచ్చి అక్కడ ఇంకో పార్కు వేశాడు. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత నైసె నదే సరిహద్దయింది. మూస్కావు పార్కులో సుమారు మూడింట రెండు వంతులు పోలండ్‌లోకి పోయింది. దశాబ్దాల పాటు పట్టించుకునే దిక్కు లేక అక్కడ అడవి పెరిగిపోయింది. తర్వాత రెండు దేశాలూ కలిసి బాగుచేసుకుంటే 2004లో ఉమ్మడిగా ప్రపంచ వారసత్వ హోదా వచ్చింది.

నిన్ను ఆలోచించమనేది ఇక్కడే. ఆ పార్కు ప్రాణం దూరంగా కనిపించే చూపు దారుల్లో ఉంది. వాటిని తిరిగి తెరవాలంటే పెరిగిన చెట్లు కొట్టాలి. ఏ చెట్టు కొట్టాలి, దేన్ని ఉంచాలి, చచ్చిపోయిన చెట్టు స్థానంలో ఏ జాతి నాటాలి? ఇది సంరక్షణా, డిజైనా? రెండూను. రాతి గుడిలో పాత రాయిని అలాగే నిలబెట్టగలం. పెరిగే చెట్టునీ పారే నీళ్లనీ అలా నిలబెట్టలేం. అందుకే ఈ చదువులో గీత గీయడం వచ్చినవాళ్లకి విలువ ఉంటుంది. నువ్వు కాట్‌బుస్‌కే వెళ్లినా గీయడం మాత్రం వదలకు.

ఇంకో సంగతి. కాట్‌బుస్ చుట్టూ ఉన్న లౌజిట్స్ ప్రాంతం లిగ్నైట్ బొగ్గు గనుల నేల. గనుల కోసం వందకు పైగా ఊళ్లు లేపేశారు. అందులో సోర్బులనే చిన్న స్లావ్ జాతి వాళ్ల ఊళ్లు ఎన్నో ఉన్నాయి. కాట్‌బుస్ ఊరి చివర ఉన్న గని 2015లో మూతపడితే, 2019లో దాన్ని నీళ్లతో నింపడం మొదలుపెట్టారు. సుమారు 19 చదరపు కిలోమీటర్ల చెరువు అది. 2000 నుంచి 2010 దాకా ఐబీఏ (అంతర్జాతీయ నిర్మాణ ప్రదర్శన) పేరుతో ఆ ప్రాంతమంతటా గనుల తర్వాతి నేలని ఏం చేయాలో డిజైన్ ప్రయోగాలు జరిగాయి. లిష్టర్‌ఫెల్డ్‌లో 502 మీటర్ల పొడవున్న ఎఫ్60 అనే గని యంత్రాన్ని ఇనుప సామాన్లోళ్లకి అమ్మేయకుండా జనం ఎక్కి చూసేలా నిలబెట్టారు. భూపాలపల్లి, రామగుండం ఓపెన్‌కాస్ట్ మట్టిగుట్టలు చూస్తూ పెరిగినవాళ్లకి ఇదంతా ఇంటి సంగతిలాగే ఉంటుంది. థీసిస్‌కి రెండు చోట్లనీ కలిపి చూడొచ్చు కూడా.

హైదరాబాద్ కన్సర్వేషన్ ఆర్కిటెక్ట్

పోర్ట్‌ఫోలియో సంగతి నేను చెప్తానమ్మా. నవ్వరు, కానీ మాల్ తీసెయ్. హౌసింగ్ రెండు పేజీలు ఉంచు, ప్లానింగ్ వచ్చని తెలుస్తుంది. మిగతా బలమంతా ఒక్క రామప్ప చెరువు మీద పెట్టు. యూరప్ తోటని అనుకరించి గీసినవి వాళ్లకి రోజూ వస్తుంటాయి. నీ అమ్మమ్మ ఊరి చెరువు గీసేదానివి నువ్వొక్కదానివే.

మొదటి షీట్‌లో ఒక పొడవాటి సెక్షన్, అంటే నేలని నిలువుగా కోస్తే కనిపించే బొమ్మ, గీయి. వాననీళ్లు దిగొచ్చే గుట్టల దగ్గర మొదలుపెట్టి శిఖం (చెరువు నీళ్లు నిలిచే నేల), కట్ట, తూము, కాలువ, పొలం, ఊరు దాకా రా. గుడి ఆ సెక్షన్‌లో ఎక్కడ పడుతుందో అక్కడే, ఎంత సైజులో పడుతుందో అంతే కనబడాలి. 1213లో గుడి కట్టించిన రేచర్ల రుద్రుడు గణపతిదేవుడి సేనాని. కాకతీయులు గుడి, చెరువు, ఊరు ఒక ఆలోచనగా కట్టారన్నది నువ్వు మాటల్లో చెప్పక్కర్లేదు, ఆ ఒక్క సెక్షన్ చూపిస్తుంది.

రెండో షీట్ కాలానిది. వానాకాలం, యాసంగి, ఎండాకాలం. ఏ నెలలో తూము ఎత్తుతారు, మత్తడి (అలుగు) ఎప్పుడు దుంకుతుంది, చేపలు ఎప్పుడు పడతారు, బతుకమ్మని ఏ మెట్ల దగ్గర వదులుతారు, కట్టమైసమ్మకి మొక్కులు ఎప్పుడు. మూడో షీట్ మనుషులది. నీళ్లు వదిలేది ఎవరు, తగాదా వస్తే తీర్చేది ఎవరు, పొలాలకి నీళ్లు పారించే నీరటికాడు ఇప్పటికీ ఉన్నాడా, బోర్లు వచ్చాక ఎవరు తూము నీళ్లు మానేశారు.

ఇవి అయ్యాకే డిజైన్. చిన్నది చాలు. టూరిస్టు బస్సులు ఎక్కడ ఆగాలి, కట్ట మీదికి నడిచి వచ్చేవాళ్లకి దారి ఎలా, పశువులు నీళ్లకి దిగే చోటు పోకుండా ఎలా. కట్ట పొడుగునా టైల్స్, గ్రిల్స్, సెల్ఫీ పాయింట్లు మాత్రం గీయకు. అలాంటి మినీ ట్యాంక్‌బండ్‌లు ఇప్పటికే చాలా అయ్యాయి. వాటిల్లో రైతు దిగే మెట్టు ఎక్కడా కనపడట్లేదని నా బాధ.

సిద్ధాంతం కావాలంటే 1992ని పట్టుకో. ఆ ఏడాది శాంటా ఫేలో జరిగిన సమావేశంలో ప్రపంచ వారసత్వ కమిటీ కల్చరల్ ల్యాండ్‌స్కేపులకి చోటిచ్చింది. మూడు రకాలన్నారు: మనిషి కావాలని తీర్చిదిద్దినవి, బతుకుతో పాటు పెరిగినవి, నమ్మకాలతో ముడిపడినవి. మరుసటేడు న్యూజీలాండ్‌లోని టోంగరీరోకి ఆ కింద మొదటి గుర్తింపు వచ్చింది, మావోరీలకి ఆ కొండలు పవిత్రం కాబట్టి. నీ చెరువు రెండో రకం, ఇంకా బతికే ఉన్న రకం. దానికి పోలిక ఫిలిప్పీన్స్ వరి మెట్ల పొలాలు. 1995లో గుర్తింపు వచ్చింది, 2001లో ప్రమాదంలో ఉన్న జాబితాలో పడ్డాయి, 2012లో బయటపడ్డాయి. సేద్యం వదిలి పిల్లలు పట్నాలకి పోవడమే అక్కడి పెద్ద సమస్య. పొలం దున్నేవాడు లేకపోతే గట్టు నిలబడదు. ఆయకట్టు రైతు తూము వదిలేస్తే మన చెరువుకీ అదే గతి. ఎస్ఓపీలో (ఈ చదువు ఎందుకో చెప్తూ రాసే వ్యాసంలో) నువ్వు చెప్పాల్సిన అసలు ముక్క ఇదేనని నా అభిప్రాయం.

హన్మకొండ విద్యార్థిని

అక్కా, అన్నా, చాలా థాంక్స్. సెక్షన్ ఐడియా చదివి రాత్రి నిద్ర పట్టలేదు! కానీ కట్ట ఎత్తు, తూము కొలతలు నాకెవరు ఇస్తారు? ఆఫీసులో అడిగితే ఎందుకు, ఏమిటి అంటున్నారు.

విశ్రాంత ఇరిగేషన్ ఇంజనీర్

బిడ్డా, ఉత్త చేతుల్తో పోతే ఎవరూ ఇవ్వరు. కాలేజీ ప్రిన్సిపాల్ సంతకంతో లెటర్ పట్టుకుని డివిజన్ ఆఫీసుకు పో. మూడు అడుగు: కట్ట ఎల్-సెక్షన్ (పొడుగునా గీసిన సెక్షన్), తూము డ్రాయింగ్, ఎఫ్‌టీఎల్ (చెరువు నిండితే నీళ్లు ఎక్కడిదాకా వస్తయో చూపే) మ్యాపు. ఆయకట్టు లెక్క కూడా వాళ్ల దగ్గరే ఉంటది. ఏటా యాసంగికి చెరువుల ఎన్ని నీళ్లున్నయో చూసి ఎంత భూమికి ఇయ్యాలో తైబందీ చేస్తరు. నాలుగైదేండ్ల తైబందీ కాగితాలు దొరికితే నీ రెండో షీట్ సగం అయిపోయినట్లే.

ఊరి నక్ష (మ్యాపు), పాత సేత్వార్, పహాణీలు (భూమి రికార్డులు) తహశీల్ ఆఫీసుల అడుగు. శిఖం భూమి ఎక్కడిదాకా ఉండె, ఇప్పుడు ఎక్కడిదాకా ఉంది అన్నది అందులనే తెలుస్తది. ఉపగ్రహ చిత్రాలకి భువన్ సైటు చూడు, అది మన హైదరాబాద్ బాలానగర్‌ల ఉన్న ఉపగ్రహ చిత్రాల సంస్థ ఎన్ఆర్ఎస్సీ వాళ్లదే. మే నెల చిత్రం, అక్టోబర్ చిత్రం పక్కపక్కన పెట్టు.

కాగితాల మీద లేనిది ముసలోళ్ల దగ్గర ఉంటది. ఏ కాలువకి ఏ పేరు, ఏ మడికి ముందు నీళ్లు అన్నది వాళ్లనే అడిగి రాసుకో. వాళ్లు చెప్పిన పేర్లే మ్యాపు మీద పెట్టు.

స్టట్‌గార్ట్ ఉద్యోగి

నాన్నగారి ప్రశ్నలకి జవాబు ఎవరూ రాయలేదు కాబట్టి నేను రాస్తున్నాను.

జర్మనీ ప్రభుత్వ యూనివర్సిటీల్లో ఎక్కువ చోట్ల ట్యూషన్ ఫీజు లేదు, సెమిస్టర్ కాంట్రిబ్యూషన్ మాత్రమే. మేముండే బాడెన్-వుర్టెంబర్గ్ రాష్ట్రం వేరు, 2017 నుంచి యూరప్ బయటి విద్యార్థుల దగ్గర సెమిస్టర్‌కి 1500 యూరోలు తీసుకుంటోంది. న్యూర్టింగెన్ ఈ రాష్ట్రంలోనే ఉంది, ఆ లెక్క వేసుకోండి. కాట్‌బుస్ ఉన్న బ్రాండెన్‌బుర్గ్‌లో ఆ బాధ లేదు.

వీసా కోసం బ్లాక్డ్ అకౌంట్‌లో ఏడాదికి 11,904 యూరోలు చూపించాలి, 2024 సెప్టెంబరు నుంచి అమల్లో ఉన్న మొత్తం అది. అది ఫీజు కాదు, నెలనెలా 992 చొప్పున మీ అమ్మాయికే తిరిగొస్తుంది. మన డిగ్రీ అసలైనదేనని చూసి ఇచ్చే ఏపీఎస్ సర్టిఫికెట్ 2022 నవంబరు నుంచి తప్పనిసరి, 18,000 రూపాయలు. దానికి వారాలు పడుతుంది కాబట్టి అన్నిటికంటే ముందు దాన్నే మొదలుపెట్టాలి. విదేశీ విద్యార్థుల దరఖాస్తులు పరిశీలించే యూని-అసిస్ట్ ద్వారా పంపే దరఖాస్తుకి మొదటిదానికి 75 యూరోలు, తర్వాత ఒక్కోదానికి 30. చదువుతూ ఏడాదికి 140 పూర్తి రోజులు పని చేసుకోవచ్చు. అయితే కాట్‌బుస్ చిన్న ఊరు, జర్మన్ రాకుండా పార్ట్‌టైమ్ దొరకడం కష్టం. వెళ్లేలోపు జర్మన్ భాషలో ఏ2 లెవెల్ అయినా పూర్తి చెయ్యమనండి.

స్కాలర్‌షిప్ కోసం డాడ్ (డీఏఏడీ అనే జర్మన్ సంస్థ) చూడండి. ఆర్కిటెక్చర్, ల్యాండ్‌స్కేప్, కట్టడాల సంరక్షణ చదివేవాళ్లకి విడిగా ఒకటి ఉంది, దానికీ పోర్ట్‌ఫోలియో కావాలి. డిగ్రీ పూర్తయి ఆరేళ్లు దాటకూడదు. ఎస్సీ విద్యార్థులకి కేంద్రం ఇచ్చే నేషనల్ ఓవర్సీస్ స్కాలర్‌షిప్ గురించి ఒక జాగ్రత్త: 2022లో మార్చిన నిబంధనల్లో భారత సంస్కృతి, వారసత్వం, చరిత్ర మీది అంశాలకి ఇవ్వమన్నారు. సరిగ్గా మన సబ్జెక్టుకే తగిలే దెబ్బ అది, నాకు చాలా అన్యాయం అనిపిస్తుంది. ఆ దారి చూసేవాళ్లు ఈ ఏటి నోటిఫికేషన్ పూర్తిగా చదివాకే ముందుకెళ్లండి. తెలంగాణ ప్రభుత్వ ఓవర్సీస్ విద్యానిధి పథకాలు వేరు, వాటిని విడిగా కనుక్కోండి.

ఉద్యోగం. చదువయ్యాక 18 నెలలు ఇక్కడే ఉండి వెతుక్కోవచ్చు. ల్యాండ్‌స్కేప్ ఆఫీసుల్లో పని దొరుకుతుంది గానీ, జర్మన్ బీ2 లేకుండా సైట్ మీదికి పంపరు. ల్యాండ్‌స్కేప్ ఆర్కిటెక్ట్ అన్న హోదా రాష్ట్ర ఛాంబర్ ఇస్తుంది, వరల్డ్ హెరిటేజ్ ఎంఏతో అది రాదు. ఇది ముందే తెలిసి వెళ్లాలి.

హైదరాబాద్ కన్సర్వేషన్ ఆర్కిటెక్ట్

ఇక్కడి సంగతి కలుపుతాను. ఇంటాక్ (వారసత్వ సంరక్షణ సంస్థ), ఆగా ఖాన్ ట్రస్ట్, పురావస్తు శాఖల కన్సల్టెంట్లు, ఇవీ మన దగ్గర దారులు. కుతుబ్ షాహీ సమాధుల దగ్గర 2013 నుంచి సాగిన పనిలో సమాధులతో పాటు మెట్ల బావులు, తోటలు కూడా బాగుచేశారు, వెళ్లి చూడు. జీతాలు ఐటీ వాళ్లతో పోల్చుకునేలా ఉండవు, నాన్నకి ఆ మాట దాచకు. బీ.ఆర్క్ అవ్వగానే కౌన్సిల్ ఆఫ్ ఆర్కిటెక్చర్ రిజిస్ట్రేషన్ చేయించుకున్నాకే విమానం ఎక్కు, తిరిగొచ్చాక అదే నీ అన్నం గిన్నె.

హన్మకొండ విద్యార్థిని

నాన్న అంతా చదివారు. జీతం మాటకి కాసేపు మాట్లాడలేదు. తర్వాత "కాట్‌బుస్‌కే అప్లికేషన్ వెయ్యి, మిలాన్‌కి కూడా వెయ్యి" అన్నారు! ఎస్ఓపీ మొదటి వాక్యం ఇలా రాశాను, చూడండి: "చిన్నప్పటి నుంచి మన ఘనమైన వారసత్వం అంటే నాకు ఎంతో ఆసక్తి."

హైదరాబాద్ కన్సర్వేషన్ ఆర్కిటెక్ట్

కొట్టెయ్. ఇది ఎవరైనా రాయగలరు. "మా అమ్మమ్మ పొలానికి నీళ్లు 13వ శతాబ్దపు చెరువు నుంచి వస్తాయి. ఆ చెరువు పక్కన ఉన్న గుడిని ప్రపంచం గుర్తించింది, నీళ్లు పంచే పద్ధతిని ఇంకా ఎవరూ గీయలేదు." ఇక్కడ మొదలుపెట్టు. ఎవరూ గీయలేదన్న మాట రాసేముందు వరంగల్ ఇంటాక్ వాళ్లనీ మీ కాలేజీ పాత థీసిస్‌లనీ ఒకసారి తిరగెయ్. ఎవరైనా గీసి ఉంటే వాళ్ల పేరు చెప్పి, వాళ్లు ఆపిన చోట నువ్వు మొదలుపెట్టు.

విశ్రాంత ఇరిగేషన్ ఇంజనీర్

కొలతలకి ఎండాకాలంల పో బిడ్డా, నీళ్లు దిగితే తూము కింది మెట్లు బయటపడతయి. మత్తడి మాత్రం వానలు పడ్డంక మళ్లా పోయి చూడు. డ్రోన్ ఎగరేసుడైతే గుడి దగ్గర పురావస్తు శాఖ పర్మిషన్ లేకుండా ఎగరేయకు. లెటర్ నమూనా కావాలంటే అడుగు, రాసిస్తా.