అప్‌డేట్: నాన్నకి ఫ్లూ టీకా వేయించేశాం

పోయిన నెల అడిగాను కదా, మా నాన్నకి 68 ఏళ్లు, షుగర్ ఉంది, ఫ్లూ టీకా ఏటా వేయించాలా, ఒకసారి వేయిస్తే సరిపోదా అని. మొత్తానికి మొన్న శనివారం వేయించాం.

డాక్టర్ గారు చెప్పిందేంటంటే, ఈ వైరస్ ఎప్పటికప్పుడు రూపు మార్చుకుంటుంది, అందుకే ప్రపంచ ఆరోగ్య సంస్థ ఫిబ్రవరిలో ఒకసారి, సెప్టెంబరులో ఒకసారి టీకాలో ఏ రకాలు పెట్టాలో చెబుతుంది, పైగా ఒంట్లో రక్షణ కూడా నెలలు గడిచేకొద్దీ తగ్గిపోతుంది కాబట్టి పోయినేడాది సూదిని నమ్ముకుని కూర్చోలేం. పనిచేయడానికి రెండు వారాలు పడుతుందట. వానలకు ముందే రావాల్సింది అన్నారు, మేం కాస్త లేటే.

నాన్న మాత్రం "సూది వేస్తే జ్వరం వస్తుంది, నాకెందుకురా" అని ఒకటే గోల. అది చచ్చిన వైరస్, దాంతో ఫ్లూ రాదు నాన్నా అన్నా వినలేదు, చివరికి అమ్మ "నేనూ వేయించుకుంటా, పదండి" అనేసరికి లేచారు. ఒక రోజు చెయ్యి నొప్పి, అంతే. ఇద్దరికీ కలిపి మూడు వేలు దాటింది, అక్కడ మాత్రం ప్రాణం ఉసూరుమంది.

న్యుమోనియా టీకా వేరేనట, దానికి వచ్చే నెల రమ్మన్నారు. నాన్నకి ఇంకా చెప్పలేదు.