ప్రత్యర్థి పడిపోతే ఆగాలా వద్దా, సైకిల్ రేసు పెలోటాన్‌లో (రైడర్ల గుంపులో) ఇది ఎవరు డిసైడ్ చేస్తారు?

అందరికీ నమస్కారం అండి, టూర్ డి ఫ్రాన్స్ సైకిల్ రేసు ఎప్పట్నుంచో చూస్తున్నవాళ్ళు ఎవరైనా నా డౌట్ తీర్చండి ప్లీజ్. నాకు డెన్మార్క్ రైడర్ వింగెగార్డ్ అంటే ప్రాణం. 2022లో 18వ స్టేజ్ (అంటే 18వ రోజు రేసు), స్పాండెల్ కొండ దిగుతుంటే అతని ప్రధాన ప్రత్యర్థి పొగాచార్ కంకర మీద జారి పడ్డాడు, ఎల్లో జెర్సీలో (మొత్తం టైమ్‌లో ముందున్నవాడు వేసుకునేది) ఉన్న మనోడు స్పీడ్ తగ్గించి వెనక్కి చూసుకుంటూ ఆగాడు, పొగాచార్ చిరిగిన షార్ట్స్‌తోనే వచ్చి చెయ్యి చాపితే ఇద్దరూ తొక్కుతూనే చేతులు కలిపారు. ఎన్నిసార్లు చూసినా కళ్ళు చెమరుస్తాయండి. 2025లో తులూజ్ దగ్గర పొగాచార్ పడినప్పుడు కూడా ముందున్నవాళ్ళు ఆగారు.

మరి 2010లో ఎల్లో జెర్సీలో ఉన్న ష్లెక్ సైకిల్ చైన్ ఊడిపోతే అతని ప్రత్యర్థి కాంటడోర్ ఆగలేదు కదా, ఆ రోజు 39 సెకన్లు లాగి 8 సెకన్ల తేడాతో ఎల్లో జెర్సీ తీసుకున్నాడు, రాత్రికి వీడియోలో సారీ చెప్పాడు. అంటే మనిషి పడితే ఆగాలి, సైకిల్ మొరాయిస్తే ఆగక్కర్లేదు అనా? నాకైతే రెండిటికీ ఆగాలనే అనిపిస్తుంది. ఒకప్పుడు పాత ఛాంపియన్ ఇనో లాంటి పెద్దన్న కనుసైగ చేస్తే గుంపంతా వినేదంట, ఇప్పుడు చెవిలో రేడియో పెట్టుకుని టీమ్ కారు చెప్పినట్టు నడుస్తున్నారు కాబట్టి ఆ మాట ఎవరిది, ఎల్లో జెర్సీదా లేక కారులోని టీమ్ డైరెక్టర్‌దా? పాత రేసులు చూసినవాళ్ళు ఉదాహరణలతో చెప్తే చాలా హెల్ప్ అవుతుందండి.