సైకిల్ కార్బన్ ఫ్రేమ్‌కి దెబ్బ తగిలింది, బెంగళూరులో ఎవరికి చూపించాలి?

అందరికీ నమస్కారం. నేను మారతహళ్ళిలో ఉంటాను. పోయిన ఆదివారం నంది హిల్స్ దిగుతుంటే మలుపులో ఇసుక మీద టైరు జారి పడ్డాను. నాకు మోచెయ్యి గీరుకుపోయింది, అంతే. కానీ హ్యాండిల్ గిర్రున తిరిగి, సీటుకీ హ్యాండిల్‌కీ మధ్య పైన ఉండే గొట్టానికి, అంటే టాప్ ట్యూబ్‌కి బలంగా తగిలింది. అక్కడ రంగు లేచిపోయి 2 సెంటీమీటర్ల గీత పడింది. రూపాయి బిళ్ళతో తట్టి చూస్తే మిగతా చోట్ల టక్‌టక్‌మని గట్టిగా వినిపిస్తోంది, గీత దగ్గర మాత్రం శబ్దం మెత్తబడిపోతోంది. బొటనవేలితో నొక్కితే కాస్త లోపలికి పోతోంది కూడా. అల్యూమినియం అయితే సొట్ట కనబడుతుంది. కార్బన్‌లో పైన చిన్న గీతే ఉన్నా లోపల పొరలు విడిపోయి ఉండొచ్చు, అదే నా టెన్షన్.

ఒక షాపులో ఎపాక్సీ జిగురు పూసి రంగు వేసేస్తామన్నారు. నాకు నమ్మకం కుదరలేదు. పాడైన పొరల్ని ఏటవాలుగా అరగదీసి, కొత్త కార్బన్ గుడ్డని పోగుల దిశ చూసుకుని పొర మీద పొర అతికిస్తేనే కదా బలం వచ్చేది?

ఇక్కడ అలా చేసేవాళ్ళు తెలుసా? లోపల ఎంతవరకు దెబ్బతిందో అల్ట్రాసౌండ్‌తో చూస్తారా? బాగుచేయించుకుని మళ్ళీ ఘాట్ రోడ్డు దిగినవాళ్ళు ఉంటే దయచేసి మీ అనుభవం చెప్పండి. రెండేళ్ళు డబ్బు కూడబెట్టి కొన్న సైకిల్ అండీ, సరిగ్గా బాగయ్యేదాకా ఎక్కను.