అమ్మ అన్ని భాషల్లోనూ ఒక్కటేనా? మా మామగారితో పేచీ

మెహదీపట్నం అమ్మ:
మా పక్క ఫ్లాట్‌లో ఉర్దూ మాట్లాడేవాళ్ళు ఉంటారు. మొన్న సాయంత్రం వాళ్ళ పాప "నానా ఆగయే!" అని అరుస్తూ మెట్లు దిగింది. అది విని మా నాలుగేళ్ళవాడు వాళ్ళ నాన్న ఆఫీసు నుంచి వచ్చేశాడనుకుని వెనకాలే పరుగు. తీరా చూస్తే వచ్చింది ఆ పాప వాళ్ళమ్మకి నాన్న. మావాడు ఒకటే ఏడుపు. పాపం ఆయనే జేబులోంచి చాక్లెట్ తీసి ఊరుకోబెట్టారు.

రాత్రి అన్నాల దగ్గర ఇది చెబితే మా మామగారు వాట్సాప్‌లో వచ్చిన మెసేజ్ ఒకటి చదివి వినిపించారు. తెలుగులో అమ్మ, అరబ్బీలో ఉమ్, చైనావాళ్ళకి మా, స్వాహిలీలో మామా. కాబట్టి ప్రపంచ భాషలన్నీ ఒకే తల్లి పిల్లలు, ఆ తల్లి మన భాషేనట. కాదన్నాను గానీ, ఎందుకు కాదో చెప్పలేకపోయాను. మీరేమంటారు?

ఉప్పల్ బస్సు:
మీ మామగారిదే కరెక్ట్ అంటాను. కొరియన్ సీరియళ్ళు చూడండి, అమ్మని ఒమ్మా అంటారు, నాన్నని అప్పా అంటారు. తమిళంలోనూ అప్పాయే. ఇంత దూరాన ఉన్న రెండు భాషల్లో రెండు మాటలూ ఊరికే కలుస్తాయా?

పుస్తకాల పురుగు:
కలుస్తాయి. జార్జియా దేశపు భాషలో 'మామా' అంటే నాన్న, 'దేదా' అంటే అమ్మ. అదే 'మామ' మనకి మేనమామ, పిల్లనిచ్చిన మామ. జపనీస్‌లో అమ్మ 'హహ'. ఆ 'హ' పాత జపనీస్‌లో 'ప' అని భాషావేత్తలు తేల్చారు, అంటే ఒకప్పుడు అక్కడ అమ్మే 'పాపా'! మీ వాట్సాప్ మెసేజ్‌లో ఇవి ఉండవు. కలిసేవి ఏరుకుని, కలవనివి వదిలేస్తే ఏ రెండు భాషలకైనా చుట్టరికం కుదిరిపోతుంది.

రోమన్ యాకబ్సన్ అనే భాషావేత్త ఈ ప్రశ్న మీదే రాసిన వ్యాసం 1960లో అచ్చయింది. ఆయన ముందున్న లెక్క 1,072 మాటలది, తల్లిని పిలిచేవి 531, తండ్రిని పిలిచేవి 541. మ, న లాంటి ముక్కు శబ్దాలు అమ్మ మాటల్లో 55 శాతం, నాన్న మాటల్లో 15 శాతమే. కారణం కూడా చెప్పాడు. పాలు తాగేటప్పుడు పసిబిడ్డ పెదాలు మూసుకుని ఉంటాయి, గాలి ముక్కులోంచే పోవాలి కాబట్టి వచ్చేది 'మ్మ్' అనే మూలుగే. తర్వాత ఆకలేసినా అదే మూలుగు. నోరు తెరిస్తే 'మా'. పక్కనున్న పెద్దవాళ్ళు "చూశావా, నన్నే పిలిచింది" అని మురిసిపోతారు. బిడ్డ పిలిచింది పాలని!

నల్లకుంట నాయిన:
మన తెలుగులోనే చూడరాదుండ్రి. మా దిక్కు అవ్వ అంటే కన్నతల్లి. మా ఆఫీసులో కడప ఆయనకి అవ్వ అంటే నాయనమ్మ. "మా అవ్వ నాకు టిఫిన్ కట్టిచ్చింది" అంటే, ఆ వయసులో వంటేందని జాలిపడ్డడు. అప్ప అయితే కన్నడపాయనకు తండ్రి, ఉత్తరాంధ్రల అక్క.

ఉప్పల్ బస్సు:
పుస్తకాల పురుగు గారూ, ముక్కు సంగతి ఒప్పుకుంటాను. మరి 'తాత' సంగతేంటి? సంస్కృతంలో తాత అంటే తండ్రి, రుమేనియాలో 'తతా' అన్నా తండ్రే, మనకి తండ్రికి తండ్రి. దానికీ పాలు తాగడమేనా? మానవ భాషలన్నిటికీ మూలం ఒక్కటేనని మెరిట్ రూలెన్ లాంటి భాషావేత్తలే వాదించారు కదా.

పుస్తకాల పురుగు:
రూలెన్ వాదించాడు, తోటి భాషావేత్తల్లో ఎక్కువమంది ఒప్పుకోలేదు. త, ప, బ కూడా పళ్ళు రాని నోటికి తేలిగ్గా పలికేవే. ఎదురుగా ఎవరుంటే ఆ మాట వాళ్ళది.

అసలు భాషల చుట్టరికం ఇలాంటి మాటల్లో వెతకడమే పొరపాటు. సంస్కృతంలో 'ప' ఉన్నచోట ఇంగ్లీషులో 'ఫ' కనిపిస్తుంది. పితృ–ఫాదర్, పాద–ఫుట్, పంచ–ఫైవ్. ఇది చుట్టరికం. 'పాపా' కూడా అంత పాత మాటైతే ఈపాటికి ఇంగ్లీషులో 'ఫాఫా' అయ్యుండాలి. అవలేదు, ఎందుకంటే అది 17వ శతాబ్దంలో ఫ్రెంచి నుంచి తెచ్చుకున్నది. మన దగ్గరే కావాలంటే, కన్నడంలో కివి, మనకి చెవి. వాళ్ళది కెరె, మనది చెరువు. ఇ, ఎ ల ముందు 'క' మన నోట్లో 'చ' అయింది, వరసగా, ఒకే పద్ధతిలో. కన్నడంతో మన బంధుత్వాన్ని అమ్మ కంటే చెరువే గట్టిగా రుజువు చేస్తుంది. కొరియన్‌తో ఇలాంటి వరస ఒక్కటి చూపించండి, నేను మీ బస్సెక్కుతాను.

ఉప్పల్ బస్సు:
చూపించలేను గానీ, అనుమానం మాత్రం పోలేదు.

నల్లకుంట నాయిన:
మా బిడ్డ మొదటి మాట 'టాటా'. తాతను పిలిచిందా, బయటికి తీస్కపొమ్మన్నదా అని మా ఇంట్ల ఇప్పటికీ లొల్లే.

మెహదీపట్నం అమ్మ:
మా మామగారికి ఇదంతా చదివి వినిపించాను. కివి–చెవి దగ్గర కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. కెరె–చెరువు దగ్గర "ఊఁ" అన్నారు. పొద్దున్న లేచేసరికి ఫోన్‌లో ఆయన పంపిన కొత్త మెసేజ్. 'కొరియా' అనే పేరు 'చెరువు' నుంచే పుట్టిందట.